సోయా పిల్లల ఒంటికి పట్టాలంటే ఎలా వండాలి

మా బస్తీలో చాలా ఇళ్ళల్లో పొద్దున అన్నమే, రాత్రి అన్నమే, పక్కన పల్చటి పప్పుచారో టమాటా తొక్కో ఉంటది అంతే. కడుపు నిండుతది గానీ పిల్లలు ఒళ్ళు చెయ్యట్లేదక్కా అని తల్లులు అడుగుతుంటారు. కూలికి పోయే ఇంట్లో రోజూ గుడ్లు, పాలు, చికెన్ ఎక్కడ్నుంచి తెస్తారు, నెలాఖరుకి కందిపప్పు డబ్బా కూడా ఖాళీ అయిపోతది. అలాంటి ఇళ్ళకి సోయా నిజంగా పనికొస్తది, కాకపోతే వండే పద్ధతి తెలియాలి, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నా.

ముందు లెక్క చూడండి. 100 గ్రాముల ఎండు సోయా గింజల్లో దాదాపు 36 గ్రాముల ప్రొటీన్ ఉంటది, అదే కందిపప్పులో 22 దాకా, బియ్యంలో 8 లోపే. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 50 కిలోల మనిషికి 41, 42 గ్రాములు, ఉత్త అన్నం చారుతో అది వచ్చేది కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల గొలుసు, వాటిల్లో బియ్యంలో గోధుమల్లో లైసిన్ అనేది తక్కువ, సోయాలో బాగా ఉంటది, సోయాలో మిథియోనిన్ అనే ఇంకోటి తక్కువ, అది బియ్యం గోధుమల్లో దొరుకుతది, రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తది. కరువొచ్చిన దేశాలకి పంపే సాయంలో మొక్కజొన్న సోయా కలిపిన పిండి ఉండేది కూడా అందుకే. మన ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు సోయా బాగానే పండిస్తారు, కానీ గింజలు నూనె మిల్లుకి పోయి, మిగిలిన చెక్క ఎక్కువగా కోళ్ళ దాణాకి పోతది. మన పిల్లల పళ్ళెంలోకి రావాల్సింది అట్లా పోతుంటే నాకు బాధేస్తది.

అన్నిటికన్నా సులువు మీల్ మేకర్. నూనె తీసేసిన సోయా పిండితో చేస్తారు కాబట్టి 100 గ్రాముల్లో 50 గ్రాముల దాకా ప్రొటీనే. బేగంబజార్‌లో లూజుగా కొంటే తక్కువ పడుతది, కొనే ముందు వాసన చూడండి, పాత నూనె వాసనొస్తే వద్దు. నలుగురికి 100 గ్రాములు చాలు, తలా ఒకరికి రెండు గుడ్లంత ప్రొటీన్ వస్తది. నీళ్ళు తెర్లాక ఉప్పేసి, మీల్ మేకర్ వేసి ఐదారు నిమిషాలు ఉడికించి వంచెయ్యండి, చన్నీళ్ళు పోసి గట్టిగా పిండండి, మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ పిండండి. ఈ రెండోసారి పిండటం చాలామంది మానేస్తారు, ఆ వాసనకే పిల్లలు ముద్ద పక్కన పెట్టేస్తారు. తర్వాత పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు పట్టించి ఓ పావుగంట ఉంచి ఉల్లిపాయల్లో బాగా వేయించండి. బగారన్నంలో వేస్తే పిల్లలు అడిగి మరీ తింటారు. చిన్న పిల్లలకైతే రవ్వలా ఉండే సోయా గ్రాన్యూల్స్ తెచ్చి ఖీమాలాగా చెయ్యండి, లేదంటే కిచిడీలో వేసి మెత్తగా ఉడికించండి, పెద్ద ముక్కలు వాళ్ళు నమల్లేరు, గొంతుకి అడ్డం పడతాయి.

ఇక రొట్టెలు తినే ఇళ్ళల్లో పిండిలో కలుపుకోవచ్చు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి పచ్చి గింజల్నే గోధుమల్లో కలిపి గిర్నికి పంపించా, పిండంతా పచ్చి వాసన, ఆ రొట్టెలు తిన్న పిల్లలకి కడుపుబ్బరం, పక్కింటి పాప రాత్రంతా ఏడ్చింది, ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పచ్చి సోయాలో ట్రిప్సిన్ ఇన్‌హిబిటర్ అని ఒకటుంటది, తిన్న ప్రొటీన్‌ని అరగనివ్వదు, బాగా ఉడికిస్తేనే దాని బలం పోతది. అందుకని గింజలు ఏరి కడిగి, తెర్లుతున్న నీళ్ళల్లోనే వెయ్యండి, చన్నీళ్ళల్లో వేసి పొయ్యి మీద పెట్టకండి, అట్లయితే పచ్చి వాసన ఎక్కువైతది. అరగంట ఉడికించి, వంచి, చేత్తో రుద్ది పొట్టు తీసేసి, డాబా మీద బట్ట పరిచి రెండు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టండి, పంటి కింద టక్కుమని విరగాలి. ఐదు కిలోల గోధుమలకి అర కిలో సోయా చాలు. ఉత్త సోయా గిర్నికి ఇవ్వొద్దు, అందులో ఐదో వంతు నూనే కాబట్టి రాయికి అంటుకుపోతది, గోధుమల్లో కలిపే ఇవ్వండి. నూనె వల్లే ఈ పిండి తొందరగా చేదెక్కుతది, పదిహేను రోజులకి సరిపడా మాత్రమే పట్టించుకోండి. ఇట్లా కలిపితే 100 గ్రాముల పిండికి రెండు గ్రాముల పైనే ప్రొటీన్ పెరుగుతది, రొట్టె రుచి పెద్దగా మారదు.

సోయాలో ఉండే ఫైటేట్ అనే పదార్థం వల్ల ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, కూర మీద నిమ్మకాయ పిండుకుంటే కొంత మేలు, తిన్న వెంటనే చాయ్ మాత్రం తాగకండి, మన దగ్గర ఆ అలవాటు మరీ ఎక్కువ. థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్ళు గోలీకి సోయాకి మధ్య నాలుగు గంటలు గ్యాప్ ఇవ్వండి. మొదటిసారి పెడుతుంటే ఒకటి రెండు చెంచాలే పెట్టి చూడండి, దద్దుర్లు గానీ వాంతులు గానీ అయితే ఆపేసి డాక్టర్‌కి చూపించండి. ఆరు నెలల్లోపు పాపకి తల్లిపాలే, సోయా పాలు పట్టొద్దు.

సోయా మొదలుపెట్టాం కదా అని గుడ్డు మాన్పించకండి, సోయాలో బి12 విటమిన్ ఉండదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, బాలామృతం తెచ్చుకుని అవి అట్లాగే పెడుతూ, ఇంట్లో వారానికి రెండు మూడు రోజులు ఇది చేర్చండి. పిల్ల మరీ సన్నబడిపోయినా, పాదాలు వాచినా, ఏది పెట్టినా తినకపోయినా ఇంట్లో ఇవన్నీ చేస్తూ కూర్చోవద్దు, నిలోఫర్ లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోండి, ఆ స్థితిలో ముందు కావాల్సింది వైద్యం.