బాబ్ కట్: పార్లర్ కుర్చీ ఎక్కే ముందు, దిగిన తర్వాత

మన ఇళ్లలో బాబ్డ్ హెయిర్ అంటే చాలాకాలం స్కూలు పిల్లల కటింగే. పొద్దున్నే రెండు జడలు వేసే తీరిక లేని అమ్మ, పేలు చూసి చూసి విసిగిపోయిన అమ్మమ్మ కలిసి తీసుకునే నిర్ణయం అది. పెద్దయ్యాక మనంతట మనం చేయించుకోవాలంటే మాత్రం వంద సందేహాలు. నాకూ ఉండేవి. అన్నీ అడిగాను గానీ అసలుది అడగలేదు: తడిగా ఉన్నప్పుడు ఉన్న పొడవు ఆరాక ఎంత తగ్గుతుంది?

నాది కొంచెం వంకీల జుట్టు. ఫోన్లో ఫొటో చూపించి "గడ్డం దాకా" అన్నాను. తల తడిపి, దువ్వెనతో సాగదీసి, సరిగ్గా గడ్డం దగ్గరే కత్తెర వేశారు. ఆరాక చూస్తే చివర్లు చెవి తమ్మెల దాకా ఎగబాకాయి. ఇంటికొచ్చేసరికి తమ్ముడు తలుపు తీసి "ఏంటక్కా, పుట్టగొడుగులా ఉన్నావ్?" అన్నాడు. ఆ తర్వాతి మూడు నెలల అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

1. ముందు జుట్టును దాని మానాన ఆరనివ్వండి

సెలవు రోజున తలస్నానం చేసి, నూనె, సీరమ్ ఏవీ రాయకుండా ఫ్యాన్ కింద కూర్చోండి. జుట్టు తడిగా ఉన్నప్పుడే చెంప పక్క నుంచి ఒక పాయ తీసి కిందికి లాగి, ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టుకోండి. ఆరాక అదే పాయను లాగకుండా వదిలేసి చూడండి. సాఫీ జుట్టులో తేడా పెద్దగా ఉండదు. వంకీల జుట్టు ఒకటి రెండు అంగుళాలు పైకి పోతుంది. రింగుల జుట్టైతే మూడో వంతు, ఒక్కోసారి సగం కూడా పోవచ్చు. కటింగ్ చేసేవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. రింగులు గట్టిగా ఉంటే పొడి జుట్టు మీదే కత్తిరించమని అడగండి. కుదరదంటే వేరే చోటు చూసుకోండి, మొహమాటపడొద్దు.

అదే రోజు సుడి ఎక్కడుందో చూసుకోండి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మనవాళ్లు అంటారు. పెళ్లిళ్ల సంగతేమో గానీ, పొట్టి జుట్టులో అవి రెండు దిక్కులా లేచి నిలబడటం మాత్రం ఖాయం. నడినెత్తి మీది సుడిని పాపిడి మార్చి దాచొచ్చు. మెడ వెనకాల ఉండేది మనకు కనపడదు, దాంతోనే ఇబ్బంది. ఎవరినైనా జుట్టు పైకెత్తి ఫొటో తీయమనండి. అక్కడి వెంట్రుకలు పైకి తిరిగి ఉంటే వెనక మరీ పొట్టిగా తీయించొద్దు. మెడ మీద జుట్టు మొదలయ్యే చోటు కంటే కనీసం రెండు వేళ్లు కిందికి ఉంచితే, ఆ బరువుకు అవి అణిగి ఉంటాయి.

2. పొడవు తేల్చుకోండి

ఒక కొలత ఉంది. పెన్సిల్‌ను గడ్డం కింద అడ్డంగా పెట్టండి. స్కేలును చెవి తమ్మె కింద నిలువుగా పెట్టి, తమ్మె నుంచి పెన్సిల్ దాకా ఎంతుందో చూడండి. ఐదున్నర సెంటీమీటర్ల లోపు ఉంటే పొట్టి జుట్టు నప్పుతుందని, దాటితే పొడుగు జుట్టు బాగుంటుందని చెబుతారు. సరదాగా కొలుచుకోండి గానీ దాన్ని జాతకంలా నమ్మక్కర్లేదు.

నేను ఎక్కువ నమ్మేది అంచు ఎక్కడ ఆగుతుందన్నది. చూసేవాళ్ల కన్ను కూడా అక్కడే ఆగుతుంది. దవడ వెడల్పు అనిపించేవాళ్లు సరిగ్గా దవడ దగ్గర ఆపించొద్దు, రెండు వేళ్లు కిందికి దింపండి. గుండ్రటి ముఖానికీ అంతే, పైగా నడి పాపిడి కంటే పక్క పాపిడి నయం. కోల ముఖానికి గడ్డం దాకా ఉన్న బాబ్, నుదుటి మీదికి పడేలా కత్తిరించే ఫ్రింజ్ బాగా కుదురుతాయి.

ముఖం సంగతి ఇంతే. దానికంటే రోజువారీ బతుకు ముఖ్యం. వంటింట్లో, ఎండలో, జిమ్‌లో జుట్టు వెనక్కి కట్టాల్సిందేనా? అలాగైతే పిలకకు అందే పొడవు ఉంచండి, అంటే భుజాలను తాకే లాంగ్ బాబ్, దీన్నే లాబ్ అంటారు. ఇంట్లో పెళ్లి ఉందా? సవరం కట్టడానికి కూడా చిన్న పిలకైనా కావాలి. జుట్టు నెలకు సుమారు ఒకటి, ఒకటింబావు సెంటీమీటర్లే పెరుగుతుంది. గడ్డం దగ్గర కత్తిరించింది భుజం దాటాలంటే దాదాపు ఏడాది పడుతుంది. ముహూర్తాలు చూసుకుని కత్తెర పట్టించండి.

3. ఏ రకం?

జుట్టు పలచగా ఉంటే బ్లంట్ బాబ్. చివర్లన్నీ ఒకే గీతలో ఉంటాయి కాబట్టి ఉన్నదానికంటే ఒత్తుగా కనిపిస్తుంది, లేయర్లు అడగొద్దు. ఒత్తు జుట్టైతే లోపలి వైపు నుంచి బరువు తీయించాలి, లేకపోతే త్రిభుజంలా విచ్చుకుంటుంది. అయితే వంకీల జుట్టులో పళ్ల కత్తెర ఎక్కువగా వాడనివ్వకండి. తెగిన పొట్టి వెంట్రుకలు పైకి లేచి చింపిరిగా కనిపిస్తాయి. ముందు పొడుగు, వెనక పొట్టి కావాలంటే ఎ-లైన్. వెనక మెట్లు మెట్లుగా తీసే స్టాక్డ్ బాబ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ నెలన్నరకే రూపు చెడుతుంది.

పొట్టి బాబ్ 1920ల్లోనే పాశ్చాత్య దేశాల్లో ఊపేసింది. ఇప్పుడు మనం చూసే పదునైన గీతల బాబ్‌కు మాత్రం 1960ల్లో లండన్‌లో హెయిర్ స్టైలిస్టు విడాల్ ససూన్ రూపమిచ్చారు. అప్పట్లో ఆడవాళ్లు వారం వారం సెలూన్‌కు వెళ్లి రోలర్లు చుట్టించుకుని, స్ప్రే కొట్టించుకునేవారు. కడిగి తల విదిలిస్తే జుట్టు దానంతటదే తన చోటుకు వచ్చి పడాలన్నది ఆయన పద్ధతి. మీ బాబ్‌కు పరీక్ష కూడా అదే. కుర్చీ దిగే ముందు తల గట్టిగా విదిలించండి. దువ్వకుండానే ఆకారంలోకి వస్తే కటింగ్ బాగా కుదిరినట్టే.

4. కుర్చీలో కూర్చున్నాక

కాలు మీద కాలు వేసుకోవద్దు. ఒక భుజం పైకి లేస్తుంది, ఆ వైపు అంచు పక్కకు పోతుంది. రెండు పాదాలూ ఆనించి నిటారుగా కూర్చోండి. అంగుళాల లెక్క చెప్పకుండా "గడ్డం కింద రెండు వేళ్లు" అని మీ వేళ్లే పెట్టి చూపించండి. ఫొటో చూపిస్తే మీలాంటి జుట్టున్న మనిషిది చూపించండి. మొదటిసారి అనుకున్నదానికంటే ఒక అంగుళం పొడుగ్గా ఉంచి, ఆరబెట్టి, అప్పుడు మిగతాది తీయమనండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. చివర్లో రెండు చెంపల పక్కల పాయలు పట్టి గడ్డం దగ్గర కలిపి చూస్తే హెచ్చుతగ్గులు అక్కడే తేలతాయి.

పొడుగు జడ తీయిస్తుంటే, క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం ఇవ్వాలనిపిస్తే ముందే ఆ సంస్థ నియమాలు కనుక్కోండి. చాలాచోట్ల 10 నుంచి 12 అంగుళాలు అడుగుతారు. పొడి జుట్టుకు రబ్బరు బ్యాండ్లు బిగించి, బ్యాండు పైనుంచి కత్తిరించాలి. నేల మీద రాలాక ఏరితే పనికిరాదు.

5. రోజూ సర్దుకోవడం

టవల్‌తో రుద్దొద్దు. పాత కాటన్ టీషర్టుతో అద్దండి. మెడ వెనక, నుదుటి దగ్గర ముందు ఆరబెట్టండి, అవి త్వరగా ఆరి ఎటుపడితే అటు తిరిగిపోతాయి. డ్రయ్యర్ మూతి ఎప్పుడూ కుదుళ్ల నుంచి కిందికే చూడాలి. పైకి ఊదితే చింపిరి జుట్టే. పాపిడిని ఎదుటి వైపుకు తీసి ఆరబెట్టి, చివర్లో మామూలు వైపుకు తిప్పితే నెత్తి మీద జుట్టు లేచినట్టు ఉంటుంది. చివర్లు లోపలికి తిరగాలంటే గుండ్రటి బ్రష్‌కు ఒక్క చుట్టు చుట్టి, వేడి తగిలించి, చల్లారాక వదలండి. వేడి మీద వదిలేస్తే మళ్లీ సాగిపోతుంది.

స్ట్రెయిట్‌నర్ వాడితే ముందు జుట్టును వేడి నుంచి కాపాడే హీట్ ప్రొటెక్టెంట్ రాయండి. సన్న జుట్టుకు 150 డిగ్రీలు, మందపు జుట్టుకు 180 చాలు. చుయ్‌మంటే జుట్టు ఇంకా తడిగా ఉన్నట్టే, వెంటనే ఆపండి. వంకీలు, రింగులు ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. బఠాణీ గింజంత క్రీము అరచేతులకు రాసుకుని, చివర్లను గుప్పిట్లో పట్టి పైకి నొక్కి వదలండి, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. వైజాగ్, కాకినాడ ఉక్కలో స్ట్రెయిట్‌నర్‌తో పోరాడటం కంటే ఇదే మేలు.

స్కూటీ మీద వెళ్లేవాళ్లకు హెల్మెట్ టెన్షన్ ఉంటుంది. తడి తల మీద పెడితే జుట్టు ఆ ఆకారంలోనే ఆరుతుంది, కాబట్టి పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. లోపల పల్చటి కాటన్ స్కార్ఫు కట్టి, పాపిడి ఎదుటి వైపుకు తిప్పండి. ఆఫీసులో దిగాక మళ్లీ మీ వైపుకు తిప్పి కుదుళ్లలో వేళ్లు పోనిస్తే చాలు.

నూనె మానక్కర్లేదు. తలస్నానానికి ముందు రాత్రి రాయండి, బయటికెళ్లే రోజు మాత్రం వద్దు. పొట్టి జుట్టు మీద జిడ్డు దాగదు. ట్రిమ్మింగ్ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కావాలి, లాబ్ అయితే మూడు నెలలు ఆగొచ్చు.

బాబ్ ఉంటే పూలు పెట్టుకోలేమన్నది ఉత్త మాట. రెండు చెవుల పైనుంచి చెరో పాయ మెలితిప్పి వెనక కలిపి పిన్నులు గుచ్చండి. ఆ ముడి కింద మల్లెల దండ దూర్చండి, అర మూర చాలు.

తిరుమలలో తలనీలాలు ఇచ్చినవాళ్లు కూడా ఏడాదికి కాస్త అటూఇటూగా బాబ్‌కు రాగలరు. చిట్కా ఒక్కటే: పైన, ముందు పెరగనిస్తూ మెడ వెనక మాత్రమే కత్తిరించుకుంటూ ఉండాలి. లేకపోతే ముందు చెవుల దాకా వచ్చేసరికి వెనక కాలర్ మీద తోకలా వేలాడుతుంది.