బేల్దారి పనితో పాటు ప్లానింగ్ కూడా నేర్పాలంటే: ఒక్క స్లాబ్ చాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఐటీఐల్లో, స్కిల్ సెంటర్లలో బేల్దారి పని (గోడలు కట్టడం), సెంట్రింగ్ (స్లాబ్ గట్టిపడేదాకా కింద రేకులు, పోట్లు అనే నిలువు కర్రలతో ఆధారం కట్టడం), రాడ్ బెండింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. మన పిల్లలు గోడ నిలువుగా కడతారు, గుండు వేసి చూసుకుంటారు, కానీ రేపు సైట్‌లో ఏం పని, దానికి ఏమేం కావాలి అని అడిగితే మేస్త్రీ మొహం చూస్తారు. పని చేతికొచ్చాక కూడా ఏళ్ల తరబడి కూలీగానే ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదే. అది ఇంజినీర్లు చూసుకునే సంగతిలే అని వదిలేయకండి.

సాఫ్ట్‌వేర్‌తో అస్సలు మొదలుపెట్టొద్దు. ఒకే ఒక్క గది స్లాబ్ తీసుకోండి: 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం, మధ్యలో బీములు లేవు. పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక పనులన్నీ వెనక్కి లెక్కేసుకున్నట్టు, స్లాబ్ వేసే తేదీ బోర్డు మీద రాసి అక్కడి నుంచి వెనక్కి రమ్మనండి. ఒక్కో పని ఒక్కో అట్టముక్క మీద రాయించి నేల మీద వరసగా పేర్పించండి. ఎలక్ట్రీషియన్ ముక్క ఎక్కడ పెట్టాలన్న దగ్గర కచ్చితంగా గొడవ పడతారు, పడనివ్వండి. కింది రాడ్లు కట్టాక, కాంక్రీట్ పోయకముందే పైపులు, ఫ్యాన్ బాక్సులు పడాలనీ, ఎలక్ట్రీషియన్ ఆ రోజు రాకపోతే మిల్లరూ (కాంక్రీట్ కలిపే మెషీనూ), కూలీలూ అందరూ ఖాళీగా నిలబడాల్సి వస్తుందనీ వాళ్లంతట వాళ్లే తేల్చుకోవాలి. ప్రతి ముక్కకీ రెండు ప్రశ్నలు వేయండి. ఇది మొదలవ్వాలంటే ముందు ఏది అయిపోవాలి? ఇది ఒక రోజు లేటయితే స్లాబ్ తేదీ కూడా వాయిదా పడుతుందా? పడుతుంది అన్న ముక్కలకు ఎర్ర గీత గీయించండి. పుస్తకాల్లో క్రిటికల్ పాత్ అనేది దీన్నే, ఆ పేరు తర్వాత చెప్పినా నష్టం లేదు.

తర్వాత మెటీరియల్. లెక్క పిల్లలే వేయాలి, మీరు చెప్పొద్దు. 20 × 15 అడుగులు, ఐదంగుళాల మందం అంటే 125 ఘనపుటడుగుల కాంక్రీట్. ఎం20 అనే రకం కాంక్రీట్‌కి 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) సుమారు 28 బస్తాల సిమెంటు, 53 ఘనపుటడుగుల ఇసుక, 105 ఘనపుటడుగుల కంకర పడుతుంది. వేస్టేజీ కలుపుకుని 30 బస్తాలు అనుకున్నాక అసలు పాఠం మొదలవుతుంది: ఇవి ఎప్పుడు తెప్పించాలి, ఎక్కడ దించాలి, వానొస్తే తడవకుండా ఎలా, ఇసుక ట్రాక్టర్ సందులోకి వస్తుందా? పెన్నాకు నీళ్లొస్తే ఇసుక దొరకడం కష్టమవుతుంది, కాబట్టి ఎప్పుడు తోలించి పెట్టుకోవాలన్నది కూడా ప్లాన్‌లో భాగమే.

నాకు బాగా ఇష్టమైన ఎక్సర్‌సైజ్ సెంట్రింగ్ విప్పే రోజు గురించి. మన గదికి తొమ్మిదంగుళాల గోడలు పోతే లోపలి వెడల్పు పదమూడున్నర అడుగులు, అంటే 4.1 మీటర్లు. కాంక్రీట్ పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుతో వేసిన స్లాబ్‌కి స్పాన్, అంటే గోడకీ గోడకీ మధ్య దూరం, 4.5 మీటర్ల లోపు ఉంటే 7 రోజులకు, దాటితే 14 రోజులకు గానీ పోట్లు తీయకూడదు. ఇప్పుడు మీరు ఇంటి ఓనర్ వేషం వేసి, గది ఇంకో రెండడుగులు వెడల్పు కావాలయ్యా అనండి. స్పాన్ 4.7 మీటర్లవుతుంది. సెంట్రింగ్ బాడుగ ఇంకో వారం పెరుగుతుంది, ఆ రేకులు వేరే సైట్‌కి వెళ్లాల్సి ఉంటే అక్కడా పని ఆగుతుంది, రాడ్ల డిజైన్ మళ్లీ ఇంజినీర్‌కి చూపించాలి. ఓనర్‌కి సరే అనేముందు ఇవన్నీ కాగితం మీద పెట్టి చెప్పడం నేర్పితే పిల్లవాడు సగం కాంట్రాక్టర్ అయినట్టే. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటయితే గడువు ఇంకా పెంచాలేమో ఇంజినీర్‌ని అడగాలని, స్లాబ్ గట్టిపడడానికి పైన నీళ్లు కట్టడం కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు ఉండాలని కూడా ప్లాన్‌లో రాయించండి. నీళ్లు పట్టే మనిషి పేరు రాయకపోతే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

ప్లాన్ తయారయ్యాక దాన్ని చెడగొట్టండి. స్లాబ్ తేదీ నవంబర్‌లో పెట్టి, మూడు రోజుల ముందు వాయుగుండం హెచ్చరిక వచ్చిందని చెప్పండి. మన జిల్లాల్లో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇది ఊహించుకునే కష్టం కాదు, ఏటా చూసేదే. ఇంకో గ్రూపుకి వరి కోతలకి సగం మంది కూలీలు వెళ్లిపోయారని చెప్పండి. కొత్త తేదీ ఎంత, అదనపు ఖర్చెంత, ఎవరికి ఫోన్ చేయాలి అనేవి పావుగంటలో చెప్పాలి.

వర్క్‌షాప్‌లో ప్రతి వారం ఒకరిని మేస్త్రీగా, ఒకరిని స్టోరు చూసేవాళ్లుగా, ఒకరిని హెల్మెట్లూ పరంజా చూసేవాళ్లుగా మార్చండి. ఆడపిల్లలుంటే వాళ్లకి కూడా తప్పకుండా మేస్త్రీ వంతు రావాలి, లెక్కలు రాసే పనికే వాళ్లని పరిమితం చేయొద్దు. సాయంత్రం డైరీలో నాలుగు లైన్లు చాలు: ఎంతమంది వచ్చారు, ఏం పూర్తయింది, ఏం మిగిలింది, రేపటికి ఏం కావాలి. తెలుగులోనే రాయనివ్వండి. రాయడం ఇబ్బందైన వాళ్లు వాట్సాప్‌లో వాయిస్ పెట్టినా చాలు, తేదీ అదే పడుతుంది.

డబ్బు కూడా ఇదే డైరీలోకి రావాలి. ఓనర్ దశలవారీగా ఇస్తాడు, కూలీలకి మాత్రం వారం వారం ఇవ్వాలి, ఈ రెండింటి మధ్య ఎంత చేతిలో ఉండాలో లెక్క వేయించండి.

పరీక్ష కూడా దీనికి తగ్గట్టే పెట్టండి. సగం కట్టిన గోడ దగ్గరికి తీసుకెళ్లి, వెనకటి డైరీ చేతికిచ్చి, రేపు పొద్దున ఎనిమిదింటికి ఎవరు రావాలి, ఏం పట్టుకుని రావాలి, ఏది రాకపోతే ఏ పని ఆగుతుంది అని అడగండి. పది నిమిషాలు మాట్లాడనివ్వండి, మధ్యలో అందుకోవద్దు.