విదేశంలో ఫోన్ కొట్టేశారా? ఏది ముందు, ఏది తర్వాత

లండన్‌లో ఫుట్‌పాత్ అంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే, ఎలక్ట్రిక్ బైక్ మీద వచ్చినవాడు చేతిలో ఫోన్ లాక్కుని పోతాడు. బార్సిలోనా మెట్రోలో తలుపులు మూసుకునే క్షణంలో జేబులోంచి లాగేస్తారు. రెండూ దొంగతనాలే గానీ ఒకటి కాదు. మొదటిదాంట్లో ఫోన్ లాక్ తీసి ఉండగానే దొంగ చేతికి పోయింది, మీకు నిమిషాలే ఉన్నాయి. రెండోదాంట్లో లాక్ పడి ఉంది. అయితే వాడు అంతకుముందు మీ భుజం మీదుగా పాస్‌కోడ్ చూసి ఉంటే ఈ తేడా కూడా లేదు.

ఫోన్ ఖరీదు లక్ష రూపాయలైనా అది చిన్న నష్టమే. అసలు భయం అందులోని హైదరాబాద్ సిమ్‌తో, జీమెయిల్‌తో. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, వాట్సాప్ అన్నీ సిమ్‌కే వస్తాయి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చాలంటే లింకులు జీమెయిల్‌కి వస్తాయి. ఈ రెండింటినీ మూసే వరుస తప్పితే, తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టే.

ముందు ఫోన్‌కి తాళం, సిమ్‌కి కాదు

చాలామంది కంగారులో మొదట సిమ్ బ్లాక్ చేయిస్తారు. ఫోన్‌లో ఇంటర్‌నెట్ ఆ సిమ్ రోమింగ్ మీదే నడుస్తుంటే, సిమ్ ఆగిన క్షణం నుంచి మీరు పంపే లాక్ కమాండ్ ఫోన్‌కి చేరదు. అందుకే ముందు లాక్. పక్కనున్నవాళ్ల ఫోన్‌గానీ హోటల్ రిసెప్షన్‌లోని కంప్యూటర్‌గానీ అడగండి. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి, పని అయ్యాక మూసేయండి.

ఐఫోన్ అయితే ఐక్లౌడ్ డాట్ కామ్ స్లాష్ ఫైండ్. ఇక్కడ పాస్‌వర్డ్ ఒక్కటి చాలు, రెండో కోడ్ అడగదు. మార్క్ యాజ్ లాస్ట్ నొక్కండి.

ఆండ్రాయిడ్ అయితే రెండు దారులు. మొదటిది గూగుల్ ఫైండ్ హబ్, పోయిన ఫోన్‌ని వెతికి లాక్ చేసే పేజీ. దాంట్లోకి వెళ్లాలంటే సైన్ ఇన్ కావాలి, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. కొత్త కంప్యూటర్ కాబట్టి 'మీ ఫోన్‌కి నోటిఫికేషన్ పంపాం, అవును అని నొక్కండి' అంటుంది గూగుల్. ఆ ఫోనేమో దొంగ జేబులో ఉంది. అప్పుడు వేరే విధంగా ప్రయత్నించు అన్నది నొక్కి, ముందే ప్రింట్ తీసి పెట్టుకున్న బ్యాకప్ కోడ్ ఎంచుకోవాలి. కోడ్‌లు దగ్గర లేకపోతే రెండో దారి: ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్. మీ ఫోన్ నంబర్ కొడితే చాలు, గూగుల్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. కాకపోతే ఈ రిమోట్ లాక్ ముందుగా సెట్టింగ్స్‌లో ఆన్ చేసి ఉండాలి, ఫోన్‌కి నెట్ ఉండాలి. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వెర్షన్‌లలో పనిచేస్తుంది.

పది పదిహేను నిమిషాల్లో లాక్ పడినట్టు కనిపించకపోతే, ఫోన్ ఆపేశారనో ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టారనో అనుకోవాలి. కమాండ్ వెయిటింగ్‌లోనే ఉంటుంది, ఫోన్ నెట్‌లోకి రాగానే పడుతుంది. మీరు తర్వాతి పనికి వెళ్లిపోండి.

ఇదే పేజీలో ఫోన్ వివరాల్లో ఐఎంఈఐ నంబర్, అంటే ఒక్కో ఫోన్‌కి ఒక్కోటిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబర్, కనిపిస్తే రాసుకోండి. ఫోన్‌లోని డేటా అంతా తుడిచేసే ఎరేజ్ మాత్రం ఇప్పుడే నొక్కొద్దు. ఆండ్రాయిడ్‌ని ఎరేజ్ చేస్తే ఆ తర్వాత ఎక్కడుందో చూడలేరు. ఫోన్ అన్‌లాక్‌గా పోయిందనో, పాస్‌కోడ్ వాడు చూశాడనో గట్టి అనుమానం ఉంటే మాత్రం ఆలోచించకుండా ఎరేజ్ చేసేయండి. మ్యాప్‌లో చుక్క కనిపించింది కదా అని ఆ వీధికి వెళ్లడం అనవసరమైన సాహసం.

ఇప్పుడు సిమ్

సిమ్‌కి పిన్ పెట్టుకోనివాళ్లే ఎక్కువ. అలాంటి సిమ్‌ని తీసి ఏ ఫోన్‌లో వేసినా పనిచేస్తుంది, ఓటీపీలన్నీ అందులోకే వస్తాయి. ఫోన్‌కి ఎంత గట్టి లాక్ ఉన్నా దీన్ని ఆపలేదు. కాబట్టి లాక్ కమాండ్ పంపాక రెండో పని సిమ్ ఆపించడమే.

మన 1800 టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. ఇంటికి ఫోన్ చేసి చెప్పడం సులువు. ఇంట్లోవాళ్లకి అదే కంపెనీ సిమ్ ఉంటే జియో, వీఐలకు 199, ఎయిర్‌టెల్‌కు 121 చేసి లాస్ట్ సిమ్ బ్లాక్ అడగమనండి. సిమ్ ఎవరి పేరున ఉంది, పుట్టిన తేదీ, చివరి రీఛార్జ్ లాంటివి అడుగుతారు. లండన్‌లో వేసవి రాత్రి తొమ్మిదైతే హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఒకటిన్నర. మొహమాటపడకుండా లేపండి.

సిమ్ నాన్న పేరున ఉంటే, చదువుకోడానికి వెళ్లిన పిల్లల్లో చాలామందికి అలాగే ఉంటుంది, అది ఈ సమయంలో అదృష్టమే. ఆయన ఆధార్ తీసుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్లి డూప్లికేట్ సిమ్ తెచ్చి, ఇంట్లో ఏదో పాత ఫోన్‌లో వేసి, ఓటీపీలు మీకు చదివి వినిపించొచ్చు. సిమ్ మీ పేరునే ఉంటే మీరు స్వయంగా వచ్చేదాకా కష్టమే. పైగా కొత్త సిమ్ యాక్టివేట్ అయ్యాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ మోసాలు ఆపడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నియమం అది. ఓటీపీ రావట్లేదని మళ్లీ స్టోర్ చుట్టూ తిరగకండి, ఒక రోజు ఆగండి.

బ్యాంకు, యూపీఐ

'యూపీఐకి పిన్ ఉంది కదా, ఏం చేస్తాడులే' అనుకోవద్దు. యూపీఐ పిన్ మార్చడానికి చాలా బ్యాంకుల్లో కావాల్సింది డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. ఫోన్ కవర్ వెనక కార్డు పెట్టుకునే అలవాటుంటే ఆ మూడూ ఒకేసారి వాడికి దక్కినట్టే. ఆధార్ దారిలో మారిస్తే మొదటి ఆరు అంకెలు, ఓటీపీలు. గ్యాలరీలో ఆధార్ ఫొటో ఉంటే అదీ దొరికిపోతుంది. చిన్న చెల్లింపులకు వాడే యూపీఐ లైట్‌లో ఉన్న డబ్బుకైతే పిన్నే అడగదు. అయితే అందులో ఐదు వేల రూపాయలకు మించి ఉంచలేరు కాబట్టి దాని గురించి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు.

బ్యాంకుకి చేసి మూడు పనులు అడగండి: డెబిట్, క్రెడిట్ కార్డుల బ్లాక్, యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ నిలిపివేత, అవసరమైతే ఖాతాలోంచి డబ్బు పోకుండా డెబిట్ ఫ్రీజ్. మీ దగ్గర వేరే కార్డు మిగిలి ఉంటే మాత్రం ఆ ఖాతాని ఫ్రీజ్ చేయించకండి, హోటల్ బిల్లు ఎలా కడతారు? కంప్లయింట్ నంబర్, టైమ్ రెండూ రాసుకోండి. ఆ టైమ్‌కి విలువ ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన నియమం ప్రకారం, కస్టమర్ అజాగ్రత్త వల్లే డబ్బు పోయినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఇంట్లోవాళ్లతో వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించండి. దొంగ బదిలీ చేసిన డబ్బుని దారిలో ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

జీమెయిల్, వాట్సాప్, ఆఫీసు

లాక్ పడ్డాకే జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. ముందే మారిస్తే, లేదా ఖాతాలోని డివైజ్‌ల జాబితాలో ఆ ఫోన్‌ని సైన్ అవుట్ చేస్తే, ఫైండ్ హబ్‌కి ఆ ఫోన్ దొరక్కుండా పోవచ్చు. పాస్‌వర్డ్ మార్చాక రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ దొంగ మార్చాడేమో చూడండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ కూడా చూడండి, అక్కడ తెలియని అడ్రస్ ఉంటే మీ మెయిళ్లన్నీ వాడికీ పోతున్నట్టే.

వాట్సాప్‌కి కొత్త ఫోన్, సిమ్ వెంటనే దొరక్కపోతే, సపోర్ట్‌కి ఈమెయిల్ పంపి ఖాతా డీయాక్టివేట్ చేయమనండి. మీ నంబర్ ప్లస్ 91తో సహా రాయాలి. 30 రోజుల్లోగా మళ్లీ తెరవకపోతే ఖాతా పోతుంది, గుర్తుంచుకోండి. ఈలోగా ఫ్యామిలీ గ్రూపులో ఎవరితోనైనా ఒక మెసేజ్ పెట్టించండి: 'వీడి ఫోన్ పోయింది, వీడి నంబర్ నుంచి డబ్బు అడిగితే పంపొద్దు.' 'పిన్నీ, అర్జెంట్, తర్వాత చెప్తా' అని మెసేజ్ వస్తే అడక్కుండా పంపేసే పిన్నులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.

ఫోన్‌లో ఆఫీస్ మెయిల్, టీమ్స్ ఉంటే ఐటీ హెల్ప్‌డెస్క్‌కి ఆ రోజే చెప్పాలి. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో చాలావాటికి ఫోన్‌లోని ఆఫీస్ డేటాని దూరం నుంచే తుడిచే ఏర్పాటు ఉంటుంది. సోమవారం చెబుదాంలే అని ఆగితే తర్వాత సంజాయిషీ రాయాల్సింది మీరే.

పోలీసు కాగితం

యూరప్‌లో ఎమర్జెన్సీకి 112. లండన్‌లో దొంగ పారిపోయాక అయితే 101, లేదా ఆన్‌లైన్ రిపోర్ట్. దుబాయ్‌లో 901, థాయ్‌లాండ్‌లో టూరిస్ట్ పోలీస్ 1155. ఫోన్ దొరుకుతుందన్న ఆశతో కాదు, కాగితం కోసం వెళ్లాలి. ఐఎంఈఐ, మోడల్, చోటు, సమయం, పాస్‌పోర్ట్ నంబర్ అందులో ఉండేలా చూసుకోండి. మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి. మన ఇంటిపేరు ముందుండాలో వెనకుండాలో వాళ్లకి తెలియదు, క్లెయిమ్‌లో పేర్లు కలవకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఫోన్ కవర్ అవుతుందో లేదో పాలసీ చదివే నమ్మండి. చాలా పాలసీల్లో పాస్‌పోర్ట్, చెక్‌ఇన్ లగేజీ ఉంటాయి, చేతిలో ఫోన్ ఉండదు.

టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేస్తే అది మన దేశపు నెట్‌వర్క్‌లకే వర్తిస్తుంది. ఫారం కూడా పోయిన రాష్ట్రం, జిల్లా, పోలీస్ స్టేషన్ అడుగుతుంది. రోమ్‌లో పోయిన ఫోన్‌కి దాని మీద ఆశ పెట్టుకోకండి.

శంషాబాద్ బయల్దేరే ముందు

అరగంట పని. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ పేజీ నుంచి బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీయండి. పది కోడ్‌లు, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. అదే కాగితం మీద ఐఎంఈఐ, ఇంటి నంబర్లు రెండు, బ్యాంకుకీ సిమ్ కంపెనీకీ విదేశాల నుంచి చేసే ప్లస్ 91 నంబర్లు రాయండి. ఈమెయిల్ అడ్రస్ మాత్రం దాని మీద రాయకండి. కాగితాన్ని ఫోన్ ఉండే బ్యాగులో కాకుండా వేరేచోట పెట్టండి.

సిమ్‌కి పిన్ పెట్టండి. పాత పిన్ ఎంతో కంపెనీని అడిగాకే మార్చండి, ఊహించి కొడితే మూడు తప్పులకి సిమ్ లాక్ అయి, దాన్ని తెరిచే పీయూకే కోడ్ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ ప్రొటెక్షన్ మెనూలోని లాక్‌లన్నీ ఆన్ చేయండి. వాటిలో ఒకటి ఫోన్‌ని లాక్కుని పరిగెత్తిన కదలికని పసిగట్టి తానే లాక్ వేస్తుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.3 నుంచి స్టోలెన్ డివైజ్ ప్రొటెక్షన్ ఉంది. దాన్ని 'ఎల్లప్పుడూ' మీద పెట్టండి. పాస్‌కోడ్ తెలిసిన దొంగ కూడా ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చాలంటే మీ ముఖం కావాలి, గంట ఆగాలి, మళ్లీ మీ ముఖం కావాలి. ఆ గంట మీకు చాలు.

కొన్ని వారాల తర్వాత వచ్చే మెసేజ్

ఐఫోన్ పోయిన కొన్ని రోజులకో వారాలకో 'మీ ఫోన్ దొరికింది, ఈ లింక్‌లో చూడండి' అని ఎస్సెమ్మెస్ వస్తుంది. అచ్చం ఆపిల్ పేజీలాగే ఉంటుంది, అడిగేది మీ పాస్‌వర్డ్. ఇంకొకరు, ఫోన్‌ని ఖాతాలోంచి తీసేయమని బతిమాలతారు, లేదా మీ ఫొటోలు బయటపెడతామని బెదిరిస్తారు. ఎరేజ్ చేసినా యాక్టివేషన్ లాక్, అంటే మీ ఆపిల్ పాస్‌వర్డ్ లేకుండా ఫోన్‌ని మళ్లీ వాడనివ్వని తాళం, అలాగే ఉంటుంది కాబట్టి వాళ్లకి ఆ ఫోన్ మొత్తంగా అమ్ముకోడానికి పనికిరాదు, విడిభాగాలుగానే అమ్ముకోవాలి. జవాబివ్వకండి, ఇన్సూరెన్స్ వాళ్లు తీయమంటే తప్ప ఆ ఫోన్‌ని మీ ఖాతాలోంచి తీయకండి.