సరస్సులోకి పడవ దించే ముందు

- లైఫ్ జాకెట్ పడవలో పక్కన పెట్టుకుంటే చాలదు, ఒడ్డునే తొడుక్కుని పట్టీలు బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగితే అది గడ్డం దాటి రాకూడదు. వస్తే సైజు పెద్దదన్నమాట. పిల్లలకైతే దయచేసి రెండుసార్లు చూడండి.
- గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే వెళ్లడం తేలిక, తిరిగి రావడమే కష్టం.
- ఎండగా ఉన్నా నీళ్లు బాగా చల్లగా ఉండొచ్చు. అందులో హఠాత్తుగా పడితే ఊపిరి అదుపు తప్పుతుంది, ఈత వచ్చినవాళ్లకూ ఇది ప్రమాదమే. వెంటనే ఈదకుండా, వెల్లకిలా తేలుతూ శ్వాస కుదుటపడనివ్వండి.
- ఉరుము వినిపిస్తే ఒడ్డుకి వచ్చేయండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.
- మద్యం అసలు వద్దు.
- ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పండి.