నెగెటివ్ రివ్యూ పోస్ట్ చేసే ముందు

సర్వీసు బాలేదని రివ్యూ రాస్తే పరువు నష్టం నోటీసు వస్తుందేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఒక చిట్కా. కోపంలో రాసింది అలాగే పెట్టకుండా ఒక రాత్రి ఆగి, మర్నాడు అందులోంచి ‘మోసగాళ్లు’, ‘దొంగలు’ లాంటివన్నీ కొట్టేసి జరిగింది మాత్రం ఉంచండి: “12న డబ్బు కట్టాను, 30 దాకా వస్తువు రాలేదు, 3 మెయిళ్లకి జవాబు లేదు.” చదివేవాళ్లకి తిట్లకంటే ఇదే పనికొస్తుంది కూడా. సిబ్బంది పేర్లు, ఫొటోలు వద్దు. బిల్లు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచుకోండి, ఎదురు ప్రశ్నిస్తే అవే ఆధారం.

అన్నిచోట్లా ఇది సరిపోదు. దక్షిణ కొరియాలో రాసింది నిజమే అయినా క్రిమినల్ కేసు పడొచ్చు, ప్రజల మేలు కోసమే రాశామని తేలితేనే మినహాయింపు. లీగల్ నోటీసు వచ్చాక మాత్రం సొంతంగా జవాబివ్వకుండా లాయరుకి చూపించండి.