పాత నూలు చీరతో మీకు నచ్చిన కుర్తా కుట్టించుకోవడం ఎలా?

దుకాణంలో దొరికే కుర్తాకి మెడ ఎంత దిగాలో, చెయ్యి ఎక్కడ ఆగాలో, జేబు ఉండాలో వద్దో ఇంకెవరో ముందే తేల్చేసి ఉంటారు. అమ్మ కట్టి పక్కన పెట్టిన మంగళగిరి చీరో, వెంకటగిరి చీరో ఒకటుంటే అవన్నీ మీరే తేల్చుకోవచ్చు. పైగా చెన్నై ఉక్కపోతకి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుకి మించిన బట్ట లేదు. అంచు కుర్తా ఇష్టపడే మగవాళ్ళకీ ఇదే పద్ధతి, కొలతలే వేరు.

ముందు చీర బలం చూడండి. ఫాల్ విప్పి, ఉతికి ఆరేసి, వెలుగుకి ఎదురుగా పట్టుకోండి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న చోట దారం పలచబడి గీతలా కనిపిస్తుంది. అక్కడ రెండు బొటనవేళ్ళతో పక్కలకి లాగండి. చిట్లిన చప్పుడు వస్తే ఆ భాగం వదిలేయాల్సిందే, ఎంత బాగా కుట్టినా నిలవదు. కుచ్చిళ్ళ దగ్గర కింది అంచు నేలకి రాసుకుని అరిగి ఉంటుంది. అందుకే కుర్తా కింది అంచుకి చీర పై అంచు వాడుకోండి. గుడి అంచైతే చీరని ఇలా తలకిందులుగా తిప్పినా గోపురాలు పైకే చూస్తాయి. చీర ఒంటి మీద నెమళ్ళో చిలకలో ఉంటే మాత్రం తలకిందులవుతాయి, కత్తిరించే ముందే చూసుకోవాలి.

ఇక కత్తిరింపు. చీర 5.5 మీటర్లు, వెడల్పు సుమారు 46 అంగుళాలు. ఆ వెడల్పునే కుర్తా పొడవుగా తీసుకుంటే అంచు దానంతటదే కిందికి వస్తుంది. ఛాతీ 36 అంగుళాలైతే 4 అంగుళాలు లూజు కలిపి 40. అంటే ముందు 20, వెనక 20. కింద ఘేరుకి, అంటే అడుగు వెడల్పుకి, ఒక్కో ముక్క 26, కుట్లకి మరో 2. చేతులతో కలిపినా రెండున్నర మీటర్లు దాటదు. పొడవు 42 పెట్టుకుంటే భుజం కుట్టు పోను 3 అంగుళాలు మిగులుతుంది. అవతలి అంచు సన్నదైతే అందులోనే వచ్చేస్తుంది, చేతుల చివర వేయించండి. పొడుగు మనుషులకి వెడల్పు చాలదు, అప్పుడు భుజాల మీద కొంగు ముక్క పట్టీగా కలపాలి. నిజానికి అదే ఇంకా అందంగా ఉంటుంది.

టైలర్లు అలవాటు కొద్దీ చేసే పొరపాటు ఒకటుంది: కింది అంచుని మడిచి కుట్టేస్తారు. చీర అంచు మగ్గం మీదే ముగిసి ఉంటుంది, దారాలు ఊడవు, మడవాల్సిన పనే లేదు. మడిస్తే అంచులో అంగుళం పోతుంది. ఈ మాట ముందే చెప్పండి.

లైనింగ్‌కి పాలియెస్టర్ వద్దు, చెమటకి ఒంటికి అతుక్కుంటుంది. జార్జ్‌టౌన్ గోడౌన్ వీధిలోనో, టి.నగర్‌లోనో పలచని మల్ కాటన్ తీసుకుని, కత్తిరించే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. చీర ఎప్పుడో కుదించుకుపోయింది, కొత్త లైనింగ్ ఇంకా కుదించుకుంటుంది. నానబెట్టకపోతే మొదటి ఉతుకుకే పైబట్ట ముడతలు పడుతుంది.

పాతబట్ట ముందు చిరిగేది వీపు మీద. స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది. కాబట్టి చేతులు ముందుకి చాచి వీపు కొలత తీయించుకోండి. సన్నబట్టకి 11 నంబరు సూది, 2.5 మిల్లీమీటర్ల కుట్టు చాలు. కుట్లు మరీ దగ్గరగా పడితే ఆ గీత వెంబడే బట్ట చిరుగుతుంది.

జేబు అడిగితే "ఫిట్టింగ్ పోతుందండీ" అంటారు. ఒప్పుకోకండి. ఫోనూ తాళాలూ తనలో దాచుకుని మిమ్మల్ని రెండు చేతులూ ఖాళీగా నడవనిచ్చేది జేబే. భుజం నుంచి 16 అంగుళాల కింద, పక్క కుట్టులో 6.5 అంగుళాల నోరు, 10 అంగుళాల లోతు. జేబు సంచి లైనింగ్ బట్టతోనే కుట్టించి, నోటి వెంబడి లోపల నూలు టేపు వేయించాలి. లేకపోతే ఫోను బరువుకి కుట్టు సాగిపోతుంది. సైడ్ కట్ ఆ నోటి కింద మొదలవ్వాలి.

ఇవన్నీ కాగితం మీద బొమ్మ గీసి అంగుళాల్లో రాసివ్వండి. తమిళం సరిగా రాకపోయినా అంకెలు అందరికీ ఒకటే. మీకు బాగా పట్టే పాత కుర్తా ఒకటి నమూనాగా ఇస్తే ఇంకా నయం. ఓవర్‌లాక్ (లోపలి అంచుల దారాలు ఊడకుండా వేసే కుట్టు) చేయకముందే ఒకసారి తొడిగి చూడండి: కుర్చీలో కూర్చోండి, బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు చెయ్యెత్తండి, జేబులో ఫోను వేసి నాలుగడుగులు నడవండి. చంక దగ్గర బిగిస్తే అక్కడికక్కడే విప్పించండి. లోపల అంగుళం బట్ట వదలమని ముందే చెప్పి ఉంటే సరిచేయడం పది నిమిషాల పని.