ఉద్యోగం మానేశాక సోమవారం ఉదయం
ఒత్తిడితో కూడిన ఉద్యోగానికి స్వస్తి పలికిన బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల వారు విహారాలను ఆదివారం కాక సోమవారం పెట్టుకోవడం మంచిది. ఏళ్ల తరబడి ఆదివారం సాయంత్రం నుంచే మొదలయ్యే గుండెదడకు ఇంతకు మించిన మందు లేదు. సెలవుల్లో కిటకిటలాడే గోపాల్‌పూర్ తీరంలో ఆ ఉదయం, పడవలు ఒడ్డుకు చేరాక జాలరులు వలల్లోంచి చేపలను ఒక్కొక్కటిగా విడదీస్తుంటే తీరిగ్గా చూడవచ్చు (ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి ముందే బయటికి వచ్చేయాలి సుమా). తప్తపాని వేడినీటి బుగ్గకైనా అంతే. అయితే ఈ సరదాలకు పీఎఫ్ సొమ్మును ముట్టుకోకండి. 5 ఏళ్ల సర్వీసు నిండకముందే తీసుకుంటే సాధారణంగా దానిపై ఆదాయపు పన్ను పడుతుంది. కంపెనీ ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ముగుస్తుంది కనుక, రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకోవాలి.